తన లెక్క తాను చూసుకునే డాక్టరు ఎవరు?

ఆరేళ్ళ క్రితం, మిరప కల్లాల రోజుల్లో, ఒక పెద్దాయన కొడుకు భుజం పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ప్రత్తిపాడు వైపు రైతు. అప్పటికి ఏడేళ్ళుగా షుగరుకు నా దగ్గరే చూపించుకుంటున్నాడు. కుడికాలి బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ నల్లబడిన చర్మం. వాసనను బట్టే నాకు సగం సంగతి అర్థమైంది. కల్లంలో తుమ్మముల్లు దిగిందట. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు. దిగిన తరువాత కూడా నాలుగైదు రోజులు చెప్పుల్లేకుండా ఎండుమిరపకాయలు తిరగేస్తూ అక్కడే ఉన్నాడు.

"నొప్పి లేదు డాక్టరమ్మా. నొప్పి ఉంటే ఆ రోజే వచ్చేవాణ్ణి కదా" అన్నాడు.

షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, వేడినీళ్ళు పడినా మనిషికి తెలియదు. ఆ సంగతి మెడిసిన్ చదివే రోజుల్లోనే నేర్చుకున్నాను, తరువాత పీజీ పిల్లలకు చెప్పాను కూడా. ఆ మధ్యాహ్నం ఆయన్ను సర్జన్ దగ్గరికి పంపాను. మూడో రోజున వేలు తీసేశారు.

ఆయన కాగితాలన్నీ చీరల దుకాణం పేరున్న ఒక ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. ఆయన్ను పంపేశాక ఆ కవరు నా బల్ల మీదే ఉండిపోయింది. రాత్రి ఓపీ అయ్యాక తీసి చూశాను. నా చేతిరాతతో ఇరవై మూడు చీటీలు. ప్రతి దాని మీదా బీపీ ఉంది, షుగరు ఉంది, మాత్రల పేర్లు ఉన్నాయి. పాదాలు అన్న మాట ఒక్క చీటీలో లేదు.

మా క్లినిక్కు గుంటూరు కొత్తపేటలో ఉంది. లోపలికి వచ్చేవారందరూ గుమ్మం బయట చెప్పులు విడిచి వస్తారు. విడవమని నేను ఎవరికీ చెప్పలేదు, అది మన మర్యాద. ఏడేళ్ళలో ఇరవై మూడుసార్లు ఆ రైతు పాదాలు ఏ అడ్డూ లేకుండా నా కుర్చీకి మూడడుగుల దూరంలో ఉన్నాయి. నేను వంగి చూడలేదు.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. డాక్టర్లు తమ ప్రాక్టీసును తాము కొలుచుకుని మెరుగుపరచుకునే కార్యక్రమాల గురించి ఈ మధ్య మన ఊళ్ళలోనూ మాట్లాడుతున్నారు. ఆడిట్ అంటున్నారు, క్వాలిటీ అంటున్నారు. వాటిలో ఎవరు చేరతారు, ఎవరు చేరరు అన్న మాట వచ్చినప్పుడల్లా ఒకే జవాబు వినపడుతుంది: మనసున్నవాడు చేరతాడు, లేనివాడు చేరడు. నేను ఆ జవాబును ఒప్పుకోను. ఒప్పుకోకపోవడానికి ఈ ఆరేళ్ళలో నేను చూసినదంతా కారణం.

ముందు నా లెక్క చెబుతాను. ఆ రైతు వేలు పోయిన నెలలోనే, వరుసగా వచ్చిన అరవై మంది షుగరు రోగుల కాగితాలు చూడాలనుకున్నాను. చూద్దామంటే నా దగ్గర కాగితాలు ఏవీ? మన దగ్గర రోగి చరిత్ర రోగి చేతిలోనే ఉంటుంది. చీటీ రాసి ఇస్తాం, ఆయన కవరులో పెట్టుకుని తెనాలికో సత్తెనపల్లికో పట్టుకుపోతాడు. మళ్ళీ వచ్చేటప్పుడు తెస్తే తెస్తాడు, వానకు తడిస్తే లేదు. డాక్టరు దగ్గర మిగిలేది ఆ రోజు ఎంతమంది వచ్చారన్న వరుస సంఖ్య. అందుకని వచ్చినవారిని బయట బెంచీ మీద కూర్చున్నంతసేపు కవరు ఇచ్చి ఉంచమని అడిగాం. మా క్లినిక్కు నర్సు, అంటే మా సిస్టరు, కాలేజీ సెలవులకు వచ్చిన మా మేనకోడలు కూర్చుని, ఏడాదిలోపు చీటీలన్నీ తిరగేసి, ఒక పొడుగు నోటుబుక్కులో గడులు గీసి నింపారు. బీపీ, మూడు నెలల షుగరు పరీక్ష (గడిచిన మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీను, కళ్ళు, పాదాలు. షుగరున్న ప్రతి మనిషికీ ఏడాదికి కనీసం ఒకసారైనా ఈ ఐదూ చూడాలి. ఇందులో వివాదం ఏమీ లేదు, ఏ దేశపు మార్గదర్శకాలు తీసినా దాదాపు ఇదే ఉంటుంది.

లెక్క మొదలుపెట్టే ముందు, పాదాలు ఎంతమందికి చూసి ఉంటారని మా మేనకోడలు నన్ను అడిగింది. నలభై మందికైనా చూసి ఉంటాను అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆరుగురికి చూశాను. అరవై మందిలో ఆరుగురు.

బీపీ యాభై ఎనిమిది మందికి ఉంది. మూడు నెలల షుగరు ముప్పై ఒక్కరికి. మూత్రంలో ప్రోటీను పదిహేడు మందికి. కళ్ళ డాక్టరు దగ్గరికి పంపినట్టు రాసింది పద్నాలుగు మందికి. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. మొదటి పేజీలో పాదాల గడి నిలువునా ఖాళీగా ఉంటుంది, మధ్యలో ఎక్కడో ఒక టిక్కు. ఇరవై ఏళ్ళు ప్రాక్టీసు చేసి, మంచి డాక్టరమ్మని పేరు తెచ్చుకున్న మనిషి రాసిన చీటీల లెక్క అది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

నలభై అనుకున్నది ఆరు కావడం నా ఒక్కదాని తప్పిదం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. 2006లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. డాక్టర్లు తమ గురించి తాము వేసుకున్న అంచనానూ, బయటివారు కొలిచిన కొలతనూ పక్కపక్కన పెట్టి చూశారు. అలాంటి 20 పోలికల్లో 13 చోట్ల రెంటికీ పొంతన చాలా తక్కువగా ఉంది, లేదా అసలు లేదు, లేదా తిరగబడి ఉంది. అన్నిటికన్నా వెనకబడినవారు, తమ మీద తమకు ఎక్కువ నమ్మకం ఉన్నవారు చాలాచోట్ల ఒకరే. కాబట్టి "నా ప్రాక్టీసు సంగతి నాకు తెలుసు" అన్న మాటకు, అది ఎంత నిజాయితీగా అన్నా సరే, బరువు లేదు. కొలిస్తే తప్ప తెలియదు.

ఇలా కొలవడాన్ని అమెరికాలో ఒక నియమంగా పెట్టి చూశారు. మనం జనరల్ మెడిసిన్ అనేదాన్ని అక్కడ ఇంటర్నల్ మెడిసిన్ అంటారు. అక్కడి ఫిజీషియన్లకు ధ్రువపత్రం ఇచ్చే సంస్థ అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్, 1936లో పుట్టింది. మొదట్లో ఒకసారి పరీక్ష నెగ్గితే జీవితమంతా చెల్లేది. 1990 నుంచి కొత్తగా పొందేవారికి పదేళ్ళ గడువు పెట్టారు, పాతవారిని మాత్రం ముట్టుకోలేదు. గడువు ఉన్నవారు ధ్రువపత్రం నిలబెట్టుకోవడానికి చేయవలసిన పనుల్లో తరువాత ఈ ప్రాక్టీసు మెరుగుదల కూడా చేరింది. డాక్టరు తన రోగుల కేసు షీట్లు కొన్ని తీసి అందులోని వివరాలు నింపాల్సి ఉండేది. రోగుల చేత ప్రశ్నలకు జవాబులు చెప్పించాల్సి ఉండేది. తన క్లినిక్కు ఎలా నడుస్తుందో తానే రాయాల్సి ఉండేది. బోర్డు వాటన్నిటినీ కూర్చి నివేదిక ఇచ్చేది. అందులో బలహీనంగా ఉన్న ఒక అంశం ఎంచుకుని, ఏదో ఒక మార్పు చేసి, మళ్ళీ కొలవాల్సి ఉండేది. నేను నోటుబుక్కులో చేసినది ఇంచుమించు ఇదే. అప్పటికి నాకు ఆ సంగతి తెలియదు.

అక్కడ ఎవరు చేరారు? గడువున్నవారు, అంటే వయసులో చిన్నవారు. జీవితకాలపు ధ్రువపత్రం ఉన్న పెద్దవారిలో తమంతట తాముగా వచ్చినవారు చాలా తక్కువ. ఎందుకు రాలేదంటే, సమయం పడుతుందన్నారు, ఖర్చన్నారు, ఉద్యోగానికి ఎవరూ అడగడం లేదన్నారు. ఆ కారణాలు కొట్టిపారేయదగినవి కావు. కానీ దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. 2005లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 62 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. వాటిలో 32, ప్రాక్టీసులో ఏళ్ళు గడిచేకొద్దీ కొలిచిన ప్రతి అంశంలోనూ పనితీరు తగ్గుతోందని చెప్పాయి. అనుభవం పెరిగితే వైద్యం మెరుగవుతుందని మనం తరతరాలుగా నమ్ముతున్నాం. రోగులు "పెద్ద డాక్టరు గారు" అని వెతుక్కుంటూ వెళ్ళేది ఆ నమ్మకంతోనే. చేయి తిరిగే పనుల్లో అనుభవం అక్కరకు వస్తుంది, నేను కాదనను. కానీ కొత్తగా వచ్చిన మార్గదర్శకం పాత చేతిలోకి దానంతట అది దిగదు.

ఇక మూడో ముక్క. డాక్టరుకు తన లెక్క తనకు చూపిస్తే వైద్యం మారుతుందా అన్న ప్రశ్న మీద 2012లో, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 140 ప్రయోగాలను పరిశీలించింది. మార్పు ఉంది, చిన్నది. చేయవలసిన పని చేయడం నూటికి నాలుగు పాళ్ళ పైచిలుకు పెరిగింది. కానీ అందరిలోనూ ఒకేలా లేదు. ఎవరి మొదటి లెక్క అధ్వానంగా ఉందో వారు ఎక్కువ బాగుపడ్డారు. లెక్క చూపించినది తోటి డాక్టరో పైవారో అయితే, ఒక్కసారితో వదలకుండా మళ్ళీ మళ్ళీ చూపిస్తే, కాగితం మీదే కాక నోటితో కూడా చెబితే, ఎంతకు చేరాలో ఎలా చేరాలో చెబితే, ఇంకా మెరుగు.

ఈ మూడూ కలిపి చూస్తే ఏం కనబడుతోంది? లెక్క చూసుకోవడం వల్ల ఎవరికి ఎక్కువ మేలు జరుగుతుందో వారే రావడం లేదు. వచ్చేవారు ఎక్కువగా ఇప్పటికే సగం బాగున్నవారు. దీనివల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. మంగళగిరి కొండ మెట్లెక్కి పానకాలస్వామిని చూసి దిగినవారందరి మోకాళ్ళూ పరీక్షించి, ఎక్కనివారి మోకాళ్ళకన్నా ఇవి గట్టిగా ఉన్నాయి కాబట్టి మెట్లెక్కితే మోకాళ్ళు గట్టిపడతాయని తేల్చడం ఎలా ఉంటుంది? గట్టి మోకాళ్ళున్నవారే ఎక్కారు. కార్యక్రమంలో చేరిన డాక్టర్ల రోగులు బాగున్నారు కాబట్టి కార్యక్రమం గొప్పదని చెప్పే ప్రతి నివేదికనూ నేను ఈ మెట్ల దగ్గర ఆగి చదువుతాను.

మూడేళ్ళ క్రితం, గుంటూరు విజయవాడల్లో నాకు చనువున్న పదకొండు మంది ఫిజీషియన్లకు ఫోను చేశాను. ఒక్క పని చేద్దాం అన్నాను. ఎవరి క్లినిక్కులో వారు అరవై మంది షుగరు రోగుల ఐదు గడులూ నింపుదాం, ఒక ఆదివారం కూర్చుని ఒకరివి ఒకరం చూద్దాం, కాగితాలు బయటికి పోవు. నలుగురు వచ్చారు.

ఆ నలుగురిలో ఏం ఉంది, మిగతా ఏడుగురిలో ఏం లేదు అని చాలా రోజులు ఆలోచించాను. పదకొండు మందిని బట్టి సూత్రం కట్టలేం. అయినా నేను చూసింది చెబుతాను. వయసు కారణం కాదు, నలుగురిలో ఒకరు అరవై దాటినవారు. డిగ్రీలు కారణం కాదు, అందరికన్నా ఎక్కువ డిగ్రీలున్న ఇద్దరు రాలేదు. రోగుల మీద ప్రేమ కారణం కాదు, రానివారిలో ఒకరు అర్ధరాత్రి లేపినా వెళతారు, పేదవారి దగ్గర రూపాయి తీసుకోరు. మరి? వచ్చిన నలుగురిలో ఇద్దరు భార్యాభర్తలు, ఒకే క్లినిక్కులో రెండు గదులు. మూడో ఆయన క్లినిక్కులో ఇరవై ఏళ్ళుగా ఉన్న కంపౌండరు, చెప్పకముందే అన్నీ రాసిపెట్టే మనిషి. నాలుగో ఆవిడ మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతారు, చుట్టూ విద్యార్థులు. రాని ఏడుగురిలో ఆరుగురు ఒంటరిగా ప్రాక్టీసు చేసేవారు. తలుపు దగ్గర టోకెన్లు ఇచ్చే అబ్బాయి, లోపల డాక్టరు, అంతే. ఏడో ఆయన పెద్ద ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడ క్వాలిటీ విభాగమే ఉంది కానీ అది లెక్కించేది వార్డులో ఇన్ఫెక్షన్లు, మంచం మీదినుంచి పడిపోయినవారు, నిరీక్షణ సమయం. ఓపీలో షుగరు రోగి పాదం ఆ లెక్కలోకి రాదు.

అంటే, లెక్కకు వచ్చిన ప్రతివారి గదిలోనూ రెండో మనిషి ఉన్నారు. నాకు మా సిస్టరు, మా మేనకోడలు ఉన్నట్టే.

రానివారిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది విజయవాడ సూర్యారావుపేటలో ఉండే మా సీనియర్. నేను పీజీ చేసే రోజుల్లో నాకు రోగి గుండె వినడం నేర్పినవారు. ఆయన కోప్పడలేదు.

"నువ్వు చెప్పేది మంచిదే అమ్మా. నా దగ్గరికి రోజుకు తొంభై మంది వస్తారు. ఒక్కొక్కరికి ఇంకో రెండు నిమిషాలు ఇచ్చాననుకో, మూడు గంటలు. ఆ మూడు గంటలు ఎక్కడినుంచి తేను? ఎవరిని వెనక్కి పంపను? మచిలీపట్నం నుంచి వచ్చినవాళ్ళకు ఆఖరి బస్సు పోతుంది."

నా దగ్గర జవాబు లేదు. ఆయన లెక్క తప్పు కాదు. కాసేపాగి, గొంతు తగ్గించి ఇంకొక మాట అన్నారు. "ఇందులో చూడలేదు, అందులో చూడలేదు అని నా చేత్తో నేను రాసి పెట్టుకుంటే, రేపు ఆ కాగితం కోర్టులో కనబడితే?"

ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1995లో సుప్రీంకోర్టు, వి.పి. శాంత కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రావలసిందే. రోగికి అడిగే చోటు ఉండాలి. కానీ తన లోపాన్ని తానే వెతికి రాసుకున్న డాక్టరు ఆ రాతవల్లే చిక్కుల్లో పడడని ఎవరైనా గట్టిగా హామీ ఇస్తే తప్ప, ఇలాంటి నోటుబుక్కులు సొరుగులు దాటి రావు. బోస్టన్‌లో ఎర్నెస్ట్ కోడ్‌మన్ అనే సర్జన్, నూరేళ్ళకు పైగా క్రితం, ప్రతి రోగినీ ఏడాది తరువాత పిలిచి చూడాలని, ఫలితం బాగోకపోతే ఎందుకో రాయాలని అన్నాడు. పెద్ద ఆసుపత్రి ఒప్పుకోకపోతే అక్కడ రాజీనామా చేసి సొంత ఆసుపత్రి నడిపాడు. 1911 నుంచి 1916 వరకు 337 మంది రోగులు, 123 పొరపాట్లు అని తానే అచ్చువేసి పంచాడు. అందుకు ఆయన స్నేహితులనూ ప్రాక్టీసునూ పోగొట్టుకున్నాడు. అలాంటి ధైర్యం ప్రతి డాక్టరుకూ ఉండాలని కోరడం న్యాయం కాదు. మామూలు ధైర్యం ఉన్న మామూలు డాక్టరు కూడా చేయగలిగేలా ఉండాలి.

సీనియర్ గారి మూడు గంటల లెక్కను మాత్రం నేను వదలలేదు. ఒక రాత్రి కాగితం మీద వేశాను. తొంభై మందిలో షుగరువారు నలభై మంది అనుకుందాం. ఒక్కో మనిషి ఏడాదికి సుమారు ఐదుసార్లు వస్తాడు. పాదాలు ఏడాదికి ఒకసారి చూస్తే చాలు. అంటే రోజుకు చూడవలసింది ఎనిమిది మందిని. మనిషికి రెండు నిమిషాలు, మొత్తం పదహారు నిమిషాలు. ఆ పదహారు నిమిషాలు కూడా డాక్టరువి కానక్కరలేదు.

మా క్లినిక్కులో ఇప్పుడు జరిగేది అదే. మా సిస్టరు బయట బెంచీ పక్కన చిన్న ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటుంది. ఆవిడ చేతిలో పెన్ను లాంటి పిడికి బిగించిన సన్నని నైలాను పోగు ఉంటుంది, చర్మం మీద ఆనించి వంగేదాకా నొక్కితే సరిగ్గా పది గ్రాముల ఒత్తిడి పడుతుంది. ముందు ఆ పోగును రోగి చేతి మీద ఆనించి "ఇలా ఉంటుంది బాబాయ్, కాలి మీద తగిలినప్పుడు చెప్పండి" అంటుంది. కళ్ళు మూసుకోమంటుంది. బొటనవేలి కింద, వేళ్ళ మొదళ్ళ దగ్గర, ఒక్కోచోట ఆనిస్తుంది. కొందరు వెంటనే "ఆ, ఆ" అంటారు. కొందరు కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంటారు, ఆవిడ నాలుగు చోట్ల ఆనించి తీసేసినా "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడుగుతారు. అలా అడిగినవారి చీటీ మీద ఎర్రసిరాతో గుండ్రంగా గీత గీసి లోపలికి పంపుతుంది. నాకు మిగిలే పని ఆ గీత ఉన్నవారి కాళ్ళు పట్టుకుని చూడడం.

ఏడాది తరువాత మళ్ళీ అరవై మందిని లెక్కించాం. పాదాలు నలభై తొమ్మిది. మూడు నెలల షుగరు ముప్పై ఒకటి నుంచి ముప్పై ఎనిమిది. కళ్ళు పద్నాలుగు నుంచి ఇరవై రెండుకు వచ్చి ఆగిపోయాయి. కళ్ళు చూపించుకోవాలంటే ఇంకో రోజు, ఇంకో డాక్టరు, ఇంకో రోజు కూలి పోవడం. దానికి నా దగ్గర ముక్కాలిపీట లాంటి ఉపాయం ఇంకా దొరకలేదు.

ఇలా రెండో మనిషి చేత పని నడిపించడం నేను కనిపెట్టింది కాదు. మన దేశంలోనే 2017 నవంబరులో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఒకటి మొదలైంది. మొదటి ఐదు రాష్ట్రాల్లో పక్కనున్న తెలంగాణ ఒకటి. అందులో గొప్ప యంత్రాలు లేవు. అందరూ వాడే ఒకే మందుల క్రమం, మందులు అయిపోకుండా సరఫరా, బీపీ చూసి రాసేది నర్సు, మానేసినవారిని వెతికి పిలవడం. మూడు నెలలకొకసారి ఒకే ప్రశ్న: నమోదైనవారిలో ఎంతమంది బీపీ 140/90 కన్నా తక్కువకు వచ్చింది? అక్కడి డాక్టరు లెక్కలో ఉన్నాడంటే, తెల్లవారి లేచి చేరాలని నిశ్చయించుకున్నందుకు కాదు. తాను పనిచేసే చోట లెక్క ముందే నడుస్తోంది కాబట్టి. నాకు కావలసింది ప్రైవేటు క్లినిక్కులో అలాంటి ఏర్పాటు. ఎందుకంటే షుగరు, బీపీ రోగుల్లో చాలామంది వెళ్ళేది కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో ఉన్న ఒంటరి డాక్టరు దగ్గరికే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం దేశంలో షుగరున్నవారు 10.1 కోట్లు. ఇంతమంది పాదాలను క్వాలిటీ విభాగాలున్న ఆసుపత్రులు చూడలేవు.

తప్పనిసరి చేస్తే పోదా అంటారు కొందరు. అమెరికాలో చేశారు. పని పెరిగింది, రుసుములు పెరిగాయి, రోగికి ఒరిగేది తక్కువ, కాగితాలు నింపడమే ఎక్కువ అని ఫిజీషియన్లు తిరగబడ్డారు. 2015 ఫిబ్రవరిలో ఆ బోర్డు పొరపాటు చేశామని బహిరంగంగా క్షమాపణ చెప్పి, ప్రాక్టీసు కొలిచే భాగాన్ని నిలిపివేసింది. ఆ క్షమాపణను ఇక్కడ కొందరు సంబరంగా చెప్పుకుంటారు, నాకు మాత్రం బాధగానే ఉంది. మంచి పనిని దూరంనుంచి, గడువు పెట్టి, చేయిసాయం లేకుండా రుద్దడంవల్ల ఆ పనికే చెడ్డపేరు వచ్చింది.

మనకు ఉన్నది వేరే రకం తప్పనిసరి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం డాక్టరు ఐదేళ్ళలో కనీసం 30 గంటలు నిరంతర విద్యా సదస్సులకు వెళ్ళాలి. వెళతాం. ఉపన్యాసాలు వింటాం, సంతకం పెడతాం, భోజనం చేసి వస్తాం. ఉపన్యాసాలు మంచివే, నేనూ ఇచ్చాను. కానీ ఆ 30 గంటల్లో ఏ నిమిషంలోనూ "మీ రోగుల సంగతేమిటి?" అని ఎవరూ అడగరు. షుగరు పాదం మీదే రెండు ఉపన్యాసాలు విన్నాను, ఆ రైతు నా దగ్గరికి వస్తున్న ఏడేళ్ళలోనే.

నేను అడిగేది కొంచెమే. ఆ 30 గంటల్లో ఆరు గంటలు ఈ లెక్కకు ఇవ్వండి. అరవై మంది రోగులు, ఐదు గడులు, ఏడాది తరువాత మళ్ళీ అవే. అంకెలు మంచివా చెడ్డవా అని చూడకుండా, రెండుసార్లు లెక్కించినందుకే గంటలు ఇవ్వండి. ఆ కాగితం కోర్టుకూ పత్రికకూ ఆసుపత్రి యజమానికీ చేరదని రాతపూర్వకంగా చెప్పండి. మొదటి రోజున క్లినిక్కుకు ఒక నర్సింగ్ విద్యార్థినో మెడికల్ విద్యార్థినో పంపండి, నోటుబుక్కు పట్టుకుని బెంచీ పక్కన కూర్చోవడానికి. గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నుంచి ఉంది, విజయవాడలో సిద్ధార్థ కాలేజీ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. ఇన్ని ఉన్న చోట ఒంటరి డాక్టరుకు వారం రోజులపాటు రెండో మనిషిని సమకూర్చలేమంటే నేను నమ్మను.

ఇంత చెప్పాక కూడా రానివారు ఉండరా? ఉంటారు. అంకె చూడడం ఇష్టంలేనివారు, తమ పేరుకు దెబ్బ అనుకునేవారు, నిజంగానే పట్టనివారు. వారిని ఏం చేయాలన్నది వేరే చర్చ. అయితే ఎంతమంది అలాంటివారో మనకు ఇప్పుడు తెలియదు, ఎందుకంటే సమయం లేక రానివారూ, మనసు లేక రానివారూ ఒకే వరుసలో నిలబడి ఉన్నారు. ముందు మొదటివారికి అడ్డం తొలగిస్తే ఆ తరువాత మిగిలినవారి గురించి మాట్లాడవచ్చు. అలా తొలగించకుండా అందరినీ కలిపి బద్ధకస్తులనో ధనాశాపరులనో అనడం నాకు నచ్చదు. ఆరేళ్ళ క్రితం అయితే ఆ వరుసలో నేనూ ఉండేదాన్ని, నాకు రోగుల మీద ప్రేమ అప్పుడు మాత్రం తక్కువా?

పదహారు నిమిషాల లెక్క రాసిన కాగితాన్ని మా సీనియర్ గారికి పోయిన సంక్రాంతి తరువాత ఇచ్చి వచ్చాను. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. మళ్ళీ ఫోను చేసి అడగడం నాకు బాగుండదనిపించింది.

కిందటి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మా క్లినిక్కుకు ఒక కుర్రవాడు వచ్చాడు. రోగి అనుకుని మా సిస్టరు టోకెను ఇవ్వబోయింది. విజయవాడ నుంచి వచ్చానని, సార్ దగ్గర టోకెన్లు ఇచ్చేది తానేనని, నోటుబుక్కు ఒకసారి చూసి రమ్మన్నారని చెప్పాడు. ఆవిడ తీసి ఇచ్చింది. అతను సంచిలోంచి కొత్త పొడుగు నోటుబుక్కు, స్కేలు తీసి, మా బెంచీ మీదే కూర్చుని గడులు గీసుకున్నాడు. మా దాంట్లో ఐదు గడుల తరువాత ఆరోది ఒకటి ఉంటుంది, తరువాత చేర్చుకున్నాం, రోగి చెప్పిన తేదీకి తిరిగి వచ్చాడా లేదా అన్నది. అది దేనికని అడిగాడు. మా సిస్టరు తన ముక్కాలిపీట అతని పక్కకు జరుపుకుని, ఆ గడి ఎందుకు పెట్టామో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.